నాలుగు రంగుల క్విజ్: మీ స్వభావాన్ని మీరే చదువుకునే పద్ధతి

"మీది ఏ రంగు?" అని అడిగే క్విజ్ పూర్తి చేయడానికి పది నిమిషాలు చాలు. వచ్చిన రంగు నిజంగా మీదేనా అని తేల్చుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. చాలామంది ఆ పది నిమిషాల దగ్గరే ఆగిపోతారు. "నాది ఎరుపు, అందుకే కోపం ఎక్కువ" అని చెప్పుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది, అంతకుమించి ఏమీ మిగలదు. క్విజ్ ఇచ్చేది ఒక ఊహ. దాన్ని మీరు రోజూ చేసే పనుల పక్కన పెట్టి చూసినప్పుడే మీ గురించి మీకు తట్టని సంగతి ఏదైనా బయటపడుతుంది. అలా సరిచూసుకునే పద్ధతి ఇది. కాగితం, పెన్ను, రాత్రిపూట ఐదు నిమిషాలు ఉంటే సరిపోతుంది.

ముందు ఏ పద్ధతో తెలుసుకోండి

రంగు పేరు ఒకటే అయినా ఒక్కో పద్ధతిలో దాని అర్థం ఒక్కో రకం. జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

డిస్క్ అనే పద్ధతికి మూలం అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ 1928లో వివరించిన నాలుగు రకాల ప్రవర్తన. పరీక్షగా మలిచింది మాత్రం తర్వాతివాళ్లు. ఇప్పుడు ఎక్కువగా వాడే రంగుల్లో ఎరుపు అంటే చొరవగా ముందుకు తోసే తీరు, పసుపు అంటే నలుగురితో కలిసి ఉత్సాహపరిచే తీరు, ఆకుపచ్చ అంటే నిలకడ, నీలం అంటే ఖచ్చితత్వం. స్కాట్లాండ్‌లోని డండీలో పుట్టిన ఇన్‌సైట్స్ డిస్కవరీ కూడా దాదాపు ఇవే అర్థాలతో ఇవే నాలుగు రంగులు వాడుతుంది, కాకపోతే దాని ఆధారం కార్ల్ యుంగ్ 1921లో రాసిన మానసిక రకాల సిద్ధాంతం. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల వర్క్‌షాపుల్లో మీకు ఎదురయ్యేది ఈ రెండు కుటుంబాలది కావొచ్చు.

కాలిఫోర్నియాలో డాన్ లౌరీ 1970ల చివర్లో తయారు చేసిన ట్రూ కలర్స్‌కి వెళ్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడ నీలం అంటే అనుబంధాలు, జాలిగుణం. ఆకుపచ్చ అంటే తర్కం, కుతూహలం. బంగారు రంగు క్రమశిక్షణకు, నారింజ రంగు సాహసానికి. టేలర్ హార్ట్‌మన్ 1987లో తెచ్చిన కలర్ కోడ్‌లో ఆకుపచ్చే లేదు. ఎరుపు అధికారం కోసం, నీలం ఆత్మీయత కోసం, తెలుపు ప్రశాంతత కోసం, పసుపు సరదా కోసం తపించేవాళ్లకు.

అంటే లెక్కలు సరిచూడనిదే నిద్రపట్టని మనిషి డిస్క్‌లో నీలం, ట్రూ కలర్స్‌లో బంగారం. ఎదుటివాళ్ల కళ్లలో నీళ్లు చూడలేని మనిషి డిస్క్‌లో ఆకుపచ్చ, ట్రూ కలర్స్‌లో నీలం. అందుకే కాగితం మీద "నీలం" అని మాత్రమే రాసుకోకండి, "డిస్క్ నీలం" అనో "ట్రూ కలర్స్ నీలం" అనో రాసుకోండి. ఒక క్విజ్‌లో వచ్చిన రంగు తీసుకుని ఇంకో పద్ధతి వివరణ చదివితే అంతా తప్పుగా అర్థమవుతుంది.

తెలుగులోకి అనువదించిన క్విజ్‌లలో ఇంకో చిక్కు ఉంది. మన భాషలో "పచ్చ" అన్న మాట రెండు రంగులకూ చెల్లుతుంది. పచ్చకామెర్లలో పచ్చ పసుపే, రైలుకు ఊపే పచ్చజెండాలో పచ్చ ఆకుపచ్చ. ఫలితంలో "మీది పచ్చ" అని ఉంటే ముందు వివరణ చదివి అది పసుపో ఆకుపచ్చో తేల్చుకోండి. డిస్క్‌లో ఆ రెంటి అర్థాలూ వేరు.

రంగు ఎంచుకునే క్విజ్ వేరు, ప్రశ్నల క్విజ్ వేరు

పైన చెప్పినవన్నీ ప్రశ్నల మీద నడిచేవి. రంగు అక్కడ ఒక పేరు మాత్రమే, ఎరుపు బదులు "గద్ద" అన్నా లెక్క మారదు. ఇవి కాక, "నచ్చిన రంగు ముట్టుకోండి, మీ మనసు చెప్తాం" అనే రకం ఉంది. దాని పెద్దతల స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ లూషర్ 1947లో తెచ్చిన పరీక్ష. పొట్టి రూపంలో ఎనిమిది రంగుల కార్డులు ఉంటాయి: బూడిద, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, ఊదా, గోధుమ, నలుపు. ఎక్కువ నచ్చిన దాని నుంచి తక్కువ నచ్చిన దాని వరకు పేర్చాలి, కొద్దిసేపాగి మళ్లీ పేర్చాలి.

స్వభావం తెలుసుకోవడానికి ఈ రెండో రకాన్ని వాడొద్దు. వేరే మానసిక పరీక్షలతో పోల్చి చూసిన పరిశోధనల్లో దీని ఫలితాలు సరిగా నిలబడలేదు. పైగా మన దగ్గర రంగు ఎంపికలో ఆచారమే ఎక్కువ మాట్లాడుతుంది. పసుపు శుభం, నలుపు శుభకార్యానికి పనికిరాదు, తెలుపు మధుపర్కాలకీ వాడతారు, దుఃఖానికీ వాడతారు. పార్టీ రంగుల సంగతి సరేసరి. నలుపు కార్డును చివర పెట్టిన తెలుగు మనిషి మనసులో అణచుకున్నదేదో ఉందని అర్థం తీయడం పొరపాటు, అమ్మమ్మ మాట గుర్తుండి ఉండొచ్చు. ఫోన్‌లో ఆడితే ఇంకో తేడా: నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే నీలం మసకబారి, తెలుపు పసుపు పచ్చగా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని కళ్లకు ఆ పరీక్ష అసలే కుదరదు. సరదాకి ఆడుకోండి, ఫలితాన్ని పట్టించుకోకండి.

కాగితం మీద క్విజ్: ఆరు సందర్భాలు

వెబ్‌సైట్ల క్విజ్‌లు మార్కులు ఎలా వేస్తాయో చాలావరకు చూపించవు. కాగితం మీద చేస్తే ప్రతి మార్కూ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. కింది ఆరు సందర్భాలు డిస్క్ రంగుల తీరులో ఉన్నాయి. ఇది శాస్త్రీయంగా ప్రమాణీకరించిన పరీక్ష కాదు, పద్ధతి చేతికి అలవాటు కావడానికి ఇచ్చిన నమూనా. ఆఫీసులో ఇచ్చిన అసలు రిపోర్టు మీ దగ్గర ఉంటే దాంతోనైనా తర్వాతి మెట్లు ఇలాగే చేయొచ్చు.

ప్రతి సందర్భంలో నాలుగు వాక్యాలకు 4, 3, 2, 1 మార్కులు వేయాలి. మీకు బాగా దగ్గరగా ఉన్నదానికి 4, అసలు పోలనిదానికి 1. ముందు 4 పెట్టండి, వెంటనే 1 పెట్టండి, మిగిలిన రెంటినీ తర్వాత తేల్చండి. కొసలు తేల్చడం తేలిక, మధ్యవే తికమక పెడతాయి. ఒకే మార్కు రెండుసార్లు వేయకూడదు.

1. రేపే ప్రయాణం, రైలు టికెట్ ఇంకా వెయిటింగ్‌లోనే ఉంది.
అ) వెంటనే బస్సో కారో మాట్లాడేస్తాను.
ఆ) అటు వెళ్లేవాళ్లెవరైనా ఉన్నారేమోనని తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేస్తాను.
ఇ) నాతో వచ్చేవాళ్లకు ఏది ఇబ్బంది లేకుండా ఉంటుందో ముందు అడుగుతాను.
ఈ) ఛార్జీలు, టైమింగులు, కన్ఫర్మ్ అయ్యే అవకాశం అన్నీ పోల్చి చూస్తాను.

2. కొత్త ఫోన్ కొనాలి.
అ) రోజుల తరబడి రివ్యూలు, ధరలు చూసి రాసుకుంటాను.
ఆ) ఇప్పుడున్నదానికి దగ్గరగా, చేతికి అలవాటైనదే తీసుకుంటాను.
ఇ) షాపుకెళ్లి పావుగంటలో తేల్చేస్తాను.
ఈ) నలుగురి చేతుల్లో చూసి, మనసుకు నచ్చింది కొంటాను.

3. మీటింగ్ గంట దాటింది, ఏదీ తేలలేదు.
అ) కొత్త ఐడియా ఒకటి చెప్పి ఊపు తెస్తాను.
ఆ) ఏ పాయింటు దగ్గర ఆగిపోయామో రాసి చూపిస్తాను.
ఇ) ఇంతవరకు నోరు విప్పనివాళ్లను అడుగుతాను.
ఈ) "ఇదిగో, ఇలా చేద్దాం" అని తేల్చేస్తాను.

4. ఇంట్లో పెళ్లి, పనులు పంచుకుంటున్నారు.
అ) ఎవరూ తీసుకోని పని మారు మాట్లాడకుండా నేను తీసుకుంటాను.
ఆ) హాలు, భోజనాల్లాంటి పెద్ద బాధ్యత నాకివ్వమంటాను.
ఇ) ఖర్చుల లెక్కలు, సామాన్ల జాబితా నా దగ్గర పెట్టుకుంటాను.
ఈ) పిలుపులు, వచ్చినవాళ్లను పలకరించడం నాకు వదిలేయమంటాను.

5. నా పనిలో తప్పుందని నలుగురిలో ఒకరు అన్నారు.
అ) అక్కడికక్కడే జవాబు చెప్తాను.
ఆ) నవ్వి తేలిక చేసి, తర్వాత దగ్గరివాళ్లతో చెప్పుకుంటాను.
ఇ) తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతుకుతాను.
ఈ) అప్పటికి ఊరుకుంటాను, లోపల మాత్రం రోజంతా అదే తిరుగుతుంది.

6. ఏ పనీ లేని ఆదివారం.
అ) ఎవరినో ఒకరిని కలవడానికి బయటపడతాను.
ఆ) ఇంట్లోవాళ్లతో నింపాదిగా గడిపేస్తాను.
ఇ) ఎప్పటి నుంచో ఆగిపోయిన పని ఒకటి పూర్తి చేస్తాను.
ఈ) ఒక్కణ్నే/ఒక్కదాన్నే కూర్చుని ఏదో ఒకటి లోతుగా చదువుతాను.

మార్కులు వేసేదాకా ఇక్కడ ఆగండి. ఏ అక్షరం ఏ రంగుదో ముందే తెలిస్తే చేయి దానంతటదే ఇష్టమైన రంగు వైపు పోతుంది. అక్షరాల వరస ప్రతి సందర్భంలో మార్చింది అందుకే.

ఎరుపు: 1అ, 2ఇ, 3ఈ, 4ఆ, 5అ, 6ఇ.
పసుపు: 1ఆ, 2ఈ, 3అ, 4ఈ, 5ఆ, 6అ.
ఆకుపచ్చ: 1ఇ, 2ఆ, 3ఇ, 4అ, 5ఈ, 6ఆ.
నీలం: 1ఈ, 2అ, 3ఆ, 4ఇ, 5ఇ, 6ఈ.

నాలుగు రంగుల మొత్తం కలిపితే 60 రావాలి. రాకపోతే ఎక్కడో ఒకే మార్కు రెండుసార్లు పడినట్టు, లేదా కూడికలో తప్పు పోయినట్టు. ఒక్కో రంగుకు కనీసం 6, గరిష్ఠం 24. ఏ మొగ్గూ లేకపోతే అన్నీ 15 చుట్టూ ఉంటాయి.

నింపేటప్పుడు జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్ద తప్పు, ఉన్నట్టు కాకుండా ఉండాలనుకున్నట్టు నింపడం. సర్దుకుపోవాలి, పెద్దల మాట వినాలి అని వింటూ పెరిగినవాళ్లు ఆకుపచ్చ వాక్యాలకు చేయి చాస్తారు, ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. ప్రమోషన్ కోసం చూస్తున్నవాళ్లు ఎరుపుకు 4 వేసుకుంటారు. దీనికి మందు ఒకటే: ప్రతి సందర్భానికీ ఈ మధ్య నిజంగా జరిగిన సంఘటన ఒకటి గుర్తు తెచ్చుకుని, అప్పుడు మీరు మొదట ఏం చేశారో దానికి 4 వేయడం. ఏ ఫోన్, ఎప్పుడు, ఎక్కడ కొన్నారు? ఆ రోజు చేసిందే జవాబు. సంఘటన గుర్తుకు రాకపోతే ఆ సందర్భం పక్కన చిన్న చుక్క పెట్టండి. చుక్కలు మూడు దాటితే ఆ కాగితాన్ని నమ్మకండి.

రెండోది, "అది ఎక్కడున్నానన్నదాన్ని బట్టి" అనిపించడం. అనిపించాలి కూడా. ఆఫీసులో గంటకు పది నిర్ణయాలు తీసుకునే మనిషి ఇంట్లో కూర ఏం వండాలో కూడా చెప్పకపోవచ్చు. ఈ ఆరు సందర్భాల్లో ఇల్లూ ఆఫీసూ కలిసి ఉన్నాయి. మీ జవాబులు చోటును బట్టి మారిపోతుంటే రెండు కాగితాలు తీసుకుని, ఒకదానిలో అన్నీ ఆఫీసు సందర్భాలు, ఇంకోదానిలో అన్నీ ఇంటి సందర్భాలు మీరే రాసుకుని విడివిడిగా మార్కులు వేయండి. రెండు కాగితాల మధ్య తేడానే చాలామందికి అసలు సమాచారం.

మూడోది వేళ. గొడవపడిన సాయంత్రం, పరీక్షల ముందు, ఉద్యోగం పోయిన వారం నింపితే ఆ రోజు మూడ్ వస్తుంది, స్వభావం రాదు. మామూలు వారంలో, కడుపు నిండి ఉన్నప్పుడు, పావుగంటలో ముగించండి. ఒక్కో వాక్యం దగ్గర ఐదు నిమిషాలు ఆలోచిస్తే మనసు మంచి జవాబు వెతకడం మొదలుపెడుతుంది.

మార్కులు చదవడం

ఉదాహరణకు ఎరుపు 12, పసుపు 11, ఆకుపచ్చ 17, నీలం 20 వచ్చాయనుకోండి. "నాది నీలం" అనేయడానికి తొందరపడకండి. నీలానికీ ఆకుపచ్చకూ తేడా 3. ఒక సందర్భంలో నీలానికి వేసిన 4ను, ఆకుపచ్చకు వేసిన 3ను అటూఇటూ మారిస్తే తేడా 2 తగ్గుతుంది. రెండు సందర్భాల్లో మారిస్తే ఆకుపచ్చే ముందుకొస్తుంది. అంటే ఆ రోజు రెండు చోట్ల తటపటాయించి ఉంటే మీ రంగే మారిపోయేది. కాబట్టి 4 కన్నా తక్కువ తేడా ఉన్న రంగులను సమానమని లెక్కవేసుకోండి. ఈ మార్కులను ఇలా చదవాలి: "నీలం, ఆకుపచ్చ కలిసి ముందున్నాయి, ఎరుపు, పసుపు కలిసి వెనకున్నాయి." 6, 7 మార్కుల తేడా ఉంటేనే ఒక్క రంగు పేరు చెప్పండి.

ఇంకో విషయం జాగ్రత్తగా పట్టుకోవాలి. మొత్తం ఎప్పుడూ 60 కాబట్టి ఒక రంగు పెరిగితే ఇంకోటి తగ్గి తీరాలి. ఈ మార్కులు మీలో ఏది దేనికన్నా ముందో చెప్తాయి, ఎంత ఉందో చెప్పవు. అన్ని పనుల్లోనూ హుషారుగా ఉండే అక్కకూ, అన్నిట్లోనూ మందకొడిగా ఉండే తమ్ముడికీ సరిగ్గా ఇవే నాలుగు అంకెలు రావొచ్చు. అందుకని "నాకు నీలం 20, నీకు 18, నేనే ఎక్కువ ఖచ్చితం" అనడానికి వీల్లేదు. ఆఫీసు వర్క్‌షాపుల్లో అందరి మార్కులూ గోడకు అంటించి పోల్చడం మామూలే. అదే పద్ధతిని పాడుచేసేది.

తక్కువ వచ్చిన రంగును కూడా చదవండి. ఎక్కువ వచ్చిన రంగు కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే రోజులో మీరు అలసిపోయే పనులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. పసుపు 8 వచ్చిన మనిషికి పెళ్లిలో మూడు గంటలు పలకరింపులంటే మర్నాడు తలనొప్పి. ఎరుపు 8 వచ్చినవాళ్లకు "నువ్వే తేల్చు" అన్న మాటే బరువు.

వివరణ మీకే సరిపోతుందా, అందరికీనా

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ "ఇది నీ స్వభావ వివరణ" అని కాగితం ఇచ్చారు. ఎంత బాగా కుదిరిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే వివరణ, అదీ జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. రంగుల రిపోర్టుల్లో "పైకి గట్టిగా కనిపించినా లోపల మీరు సున్నితం" లాంటి వాక్యాలు ఎందుకు గుండెకు తగులుతాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

మీ రిపోర్టును ఇలా వడపోయండి. నాలుగు రంగుల వివరణలూ నాలుగు కాగితాల మీద రాసి, రంగు పేరు కొట్టేసి, ఎవరిచేతనైనా కలిపించండి. మీ రంగుల మార్కులు తెలియని స్నేహితుడికి ఇచ్చి "ఇందులో నేను ఏది?" అని అడగండి. ఊరికే వేలు పెట్టినా నాలుగింట ఒకసారి సరిగ్గా తగులుతుంది కాబట్టి ఒక్కరు చెప్పింది చాలదు, ముగ్గురిని అడగాలి. తర్వాత మీ వివరణలో వాక్యం వాక్యం తీసుకుని, "ఇది ఎదురింటాయనకు కూడా సరిపోతుందా?" అని చూడండి. సరిపోయేవన్నీ కొట్టేయండి. రెండు పేజీల రిపోర్టులో ఆరేడు వాక్యాలు మిగిలితే మంచి రిపోర్టే.

బయటివాళ్ల కళ్లతో

అవే ఆరు సందర్భాలు ముగ్గురికి ఇవ్వండి: ఇంట్లో ఒకరు, పని దగ్గర ఒకరు, పాత స్నేహితులు ఒకరు. "నేను ఎలాంటివాణ్ని?" అని అడగొద్దు, మర్యాద జవాబు వస్తుంది. "ఈ సందర్భంలో నేను మొదట ఏం చేస్తానో మార్కులు వెయ్యి" అనండి. అమ్మానాన్నలు మీరు ఎలా ఉండాలనుకుంటారో అలా నింపే ప్రమాదం ఉంది, మీకంటే చిన్నవాళ్లు మొహమాటపడతారు. మన ఇళ్లలో దీనికి సరైన వరస బావలు, బావమరదులు, వదినలు, మరదళ్లు. హాస్యమాడే చనువు ఉంది కాబట్టి ఉన్నమాట అంటారు. కింద పనిచేసేవాళ్లను మాత్రం అడగకండి, వాళ్లకు అది పరీక్ష అవుతుంది.

మీ మార్కులకూ వాళ్ల మార్కులకూ ఒక రంగులో 5 దాటి తేడా ఉంటే ఆ తేడా తెచ్చిన సందర్భం దగ్గర ఆగండి. బయటికి కనిపించే ఎరుపు, పసుపు తీర్లను ఎదుటివాళ్లు బాగానే పట్టుకుంటారు. ఐదో సందర్భంలో (ఈ) లాంటి లోపలి సంగతి మాత్రం మీకే తెలుస్తుంది, అక్కడ మీ మార్కునే ఉంచుకోండి.

రెండు వారాల నోటు పుస్తకం

అసలు పని ఇది. మొదటిసారి నింపిన రాత్రే మీ రంగును బట్టి మూడు అంచనాలు రాయండి. తప్పని తేలగలిగేలా రాయాలి. "నేను జాగ్రత్తపరుణ్ని" అన్నది అంచనా కాదు, ఏం జరిగినా నిజమే అనిపిస్తుంది. "ఈ రెండు వారాల్లో రూ.1,000 దాటిన వస్తువు ఏదీ కనీసం రెండు చోట్ల ధర చూడకుండా కొనను" అన్నది అంచనా. ఆకుపచ్చకు: "నాకు ఇష్టం లేని పనికి కనీసం మూడుసార్లు సరే అంటాను." పసుపుకు: "వరసగా రెండు సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడకుండా గడపను." ఎరుపుకు: "ఎదుటివాళ్లు మాట ముగించకముందే రోజుకు ఒకసారైనా అడ్డుకుంటాను."

ఇక 14 రాత్రులు మూడు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, నేను మొదట ఏం చేశాను, అది తేలిగ్గా వచ్చిందా లేక బలవంతంగా చేశానా. మూడో వాక్యం వదిలేయకండి. చాలామంది ఉద్యోగులు పగలంతా నీలంలా పనిచేస్తారు, మేనేజరుకు ఎక్సెల్ షీట్ కావాలి కాబట్టి. అది నేర్చుకున్న నైపుణ్యం. 14 రాత్రుల్లో "బలవంతంగా" అని పదిసార్లు పడితే ఆ రంగు ఉద్యోగానిదే, మీది కాదు.

పద్నాలుగో రోజు పాత కాగితం చూడకుండా క్విజ్ మళ్లీ నింపండి. పై రెండు రంగులు వరస మారినా అవే ఉంటే ఫలితం నిలిచినట్టు. కింద ఉన్న రంగు పైకొస్తే ఏ సందర్భాల్లో మారిందో చూడండి, సాధారణంగా ఒకటి రెండు చోట్లే మార్పంతా ఉంటుంది. అంచనాల్లో రెండు తప్పితే ఆ రంగును కొట్టేసి, రెండో స్థానంలో ఉన్న రంగుకు అంచనాలు రాసి ఇంకో రెండు వారాలు చూడండి.

రంగుల్లో లేనిది

నాలుగు రంగుల పద్ధతుల్లో ఒక పెద్ద ఖాళీ ఉంది: ఆందోళన. తొందరగా కంగారు పడటం, ఒత్తిడిలో కుదురుగా ఉండలేకపోవడం ఏ రంగులోనూ లెక్కకు రావు. మనస్తత్వ పరిశోధనలో ఎక్కువగా వాడే బిగ్ ఫైవ్ పద్ధతి దాన్ని విడిగా కొలుస్తుంది. మిగతా నాలుగు అంశాలు కలుపుగోలుతనం, ఎదుటివారితో సర్దుబాటు, క్రమబద్ధత, కొత్తవాటి పట్ల ఆసక్తి. అందులో ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 వరకు విడిగా మార్కు వేస్తారు కాబట్టి ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలన్న బంధం లేదు. ఐపిప్ (ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్) పేరుతో 50 వాక్యాలదీ, 120 వాక్యాలదీ ఉచితంగా దొరుకుతాయి. అందులో క్రమబద్ధత సగటుకన్నా తక్కువ వచ్చి, రంగుల్లో నీలం పైకొచ్చిందంటే నీలాన్ని అనుమానించాల్సిందే.

ఒక్కోసారి ఆ ఖాళీ ప్రాణం మీదికి కూడా వస్తుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తప్పి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోతే "నాది ఆకుపచ్చ, మౌనంగా ఉంటాను" అని సర్దిచెప్పుకోవద్దు. అది స్వభావం కాదు, డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

మన దగ్గర చాలామంది ఈ రంగులను వెంటనే వాత, పిత్త, కఫాలకో, సత్వ, రజస్, తమో గుణాలకో ముడిపెడతారు. ముచ్చటగానే ఉంటుంది, పాత గ్రంథాల్లో ఆ మూడు గుణాలకూ తెలుపు, ఎరుపు, నలుపు చెప్పారు కూడా. కానీ "పిత్త తత్వం కాబట్టి ఎరుపు" అని మార్చుకోవడానికి ఆధారం లేదు. అవి మూడు, ఇవి నాలుగు. కొలిచేదీ వేరు. దేన్ని దాని లెక్కలోనే చూడండి.

ఎక్కడ వాడకూడదు

పదో తరగతి పిల్లల చేత నింపించి ఎంపీసీయా, బైపీసీయా అని తేల్చొద్దు. ఆ వయసులో స్వభావం ఇంకా కదులుతూ ఉంటుంది, పైగా రంగు ఇష్టాన్నీ చెప్పదు, ప్రతిభనూ చెప్పదు. సంబంధాలు చూసేటప్పుడు జాతకాల పక్కన రంగులు పెట్టొద్దు. ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికీ వద్దు: మార్కులు మనుషుల మధ్య పోలికకు పనికిరావని పైన చూశాం కదా.

ఫోన్ నంబరో ఫేస్‌బుక్ లాగినో అడిగే క్విజ్‌ను మూసేయండి. ఒక స్వభావ క్విజ్ యాప్ ద్వారా 8.7 కోట్ల మంది వరకు వివరాలు రాజకీయ ప్రచారాలకు డేటా విశ్లేషించే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మన దేశంలో ఆ యాప్ వేసుకున్నవాళ్లు 335 మందే, కానీ వాళ్ల స్నేహితులతో కలిపి దాదాపు 5.62 లక్షల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఆఫీసులో నింపమంటే మూడు అడగండి: రిపోర్టు ఎవరు చూస్తారు, ఎంతకాలం దాస్తారు, అప్రైజల్‌కు దీనికి సంబంధం ఉందా. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే జాగ్రత్తగా నింపండి.

నిలిచిన ఫలితంతో ఏం చేయాలి

ఒక్క అలవాటు ఎంచుకోండి, అంతకుమించి వద్దు. నీలం గట్టిగా నిలిచినవాళ్లకు సాధారణంగా పని మొదలుకాకముందే కాలం కరిగిపోతుంది. ఫోన్‌కు మూడు రోజులు, చీరకు ఒక పూట, సినిమా టికెట్‌కు పది నిమిషాలు అని గడువు ముందే రాసుకుంటే చాలు. ఆకుపచ్చవాళ్లు సరే అన్నాక బాధపడతారు. "రేపు చెప్తాను" అన్న మాట నోటికి అలవాటు చేసుకోవాలి, అది కాదనడం కాదు కాబట్టి నోరు వస్తుంది. పసుపువాళ్లు మాట ఇచ్చిన వెంటనే ఫోన్‌లో తేదీతో సహా రాసుకోవాలి. ఎరుపువాళ్లు ఎదుటి మనిషి మాట ముగించాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి మాట్లాడాలి.

ఆ అలవాటు ఎన్ని రోజులు నిలిచిందో అదే నోటు పుస్తకంలో టిక్కు పెడుతూ పోండి. పాత కాగితాలన్నీ తేదీతో ఒక కవరులో పెట్టి, ఏడాది తర్వాతో, ఉద్యోగం మారాకో, పెళ్లయ్యాకో, బిడ్డ పుట్టాకో మళ్లీ కొత్త కాగితం మీద మొదటి సందర్భం నుంచి నింపండి. కవరు మాత్రం నింపడం పూర్తయ్యాకే తెరవండి.